వీధిలో బొమ్మ

1876–78 నాటి ధాత కరువు దత్తమండలములను దహించినపుడు హూపర్ అను సైనికోద్యోగి మద్రాసు రాజధానిలో క్షుద్బాధితులను వరుసగా కూర్చుండబెట్టి చిత్రములు తీసెను. అస్థిపంజరప్రాయులగు ఆ మనుష్యులకు వలదను శక్తి యెక్కడిది? ఆనాటి కెమేరాకు గాజుపలక, ముక్కాలిపీట, ఎదుటివాని నిశ్చలత కావలసియుండెను.

1925లో లైకా విపణికి వచ్చినది మొదలు యంత్రము పిడికిట నిమిడినది. నేడు అనంతపురము గడియారస్తంభముకడ, తోపుబండ్ల సందడిలో, తన బొమ్మ తీయబడినదని ఎదుటివాడు గుర్తింపనే గుర్తింపడు. కూర్చుండబెట్టు పని తప్పినది, సరియే. దానితోడనే అడుగు పనియు తప్పినది!

సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వానయే గతియైన ఈ సీమనుండి బయటికి పోవు బొమ్మలలో బీటలువారిన నేల, ఆకసమువంక చూచు వృద్ధరైతు తరచుగా కనబడుదురు. అవి అబద్ధములు కావు. కాని వేరుసెనగ బేరగాని చమత్కారము, ధర్మవరము పట్టుచీరల మూట, బెంగళూరు రైలునకై కాచియున్న వలసకూలీల పరిహాసములు ఆ కటకములకు ఆనవు కాబోలు. కరువుసీమలో నవ్వునకును కరువని యెవరు చెప్పిరి?

ఆ నవ్వును తీయవలసినదే. తీసినవెంటనే కెమేరా వెనుకనున్న చిన్నతెరపై వారికి చూపవలెను. వలదన్నచో వారి యెదుటనే చెరిపివేయవలెను. హూపర్ గాజుపలకకు లేని సౌకర్యము కదా యిది.