బకాయిల తగాదాలో రోగి గోడు

2025 సెప్టెంబరు 16 అర్ధరాత్రి నుండి ఆరోగ్యశ్రీ సేవలను నిలిపివేస్తున్నట్లు తెలంగాణలోని ప్రైవేటు నెట్‌వర్క్ ఆసుపత్రుల సంఘం ప్రకటించింది. ప్రభుత్వం తమకు చెల్లించవలసిన బకాయిలు 1,300 కోట్ల రూపాయలు దాటాయన్నది ఆ సంఘం వాదన. ఆరోగ్యశాఖ మంత్రి దామోదర రాజనర్సింహ చర్చలు జరిపిన మీదట కొద్ది రోజులకు సేవలు తిరిగి మొదలయ్యాయి. అదే ఏడాది జనవరిలోనూ ఇటువంటి పరిస్థితే ఎదురైంది. చర్చలు ప్రభుత్వానికీ ఆసుపత్రులకూ మధ్య జరిగాయి. ఎవరి ప్రాణం కోసం ఈ పథకం పుట్టిందో ఆ రోగికి అందులో చోటు లేదు.

ఇది డాక్టర్లకూ సర్కారుకూ మధ్య ఉన్న లెక్కల తగాదా అని మనం ఊరుకోవడానికి వీలులేదు. ముస్లింలు అధికంగా స్వయం ఉపాధిపైనే ఆధారపడి బతుకుతున్నారని సచార్ కమిటీ 2006లోనే తేల్చిచెప్పింది. వరంగల్ మండీబజార్ మొదలు కాజీపేట వరకు మన ఇళ్లను చూసినా ఆటో నడిపేవారు, మెకానిక్కులు, పండ్ల బండ్లవారు, ఇంట్లో కుట్టుపని చేసే స్త్రీలు కనిపిస్తారు. వీరికి ఈఎస్ఐ లేదు, ఉద్యోగి హెల్త్ కార్డు లేదు. గుండెకు స్టెంటు వేయాలన్నా, డయాలసిస్ చేయించాలన్నా వీరికున్న భరోసా ఆరోగ్యశ్రీ ఒక్కటే. అది ఆగిననాడు మిగిలేవి వడ్డీ అప్పు, తాకట్టులో నగలు.

ఆసుపత్రుల ఆవేదనలో న్యాయం లేదని మేము అనడం లేదు. 2023 డిసెంబరు 9న చికిత్స పరిమితిని 5 లక్షల నుండి 10 లక్షల రూపాయలకు పెంచారు. 2024 జులైలో 1,375 చికిత్సల ప్యాకేజీ రేట్లను సవరించి, 163 కొత్త చికిత్సలను చేర్చారు. ఇవి హర్షించదగిన నిర్ణయాలే. అయితే రేటు కాగితంపై పెరిగి, సొమ్ము నెలల తరబడి చేతికి అందకపోతే ప్రయోజనమేమిటి? పెద్ద కార్పొరేట్ ఆసుపత్రి ఆ జాప్యాన్ని తట్టుకోగలదు. హనుమకొండలోని చిన్న ఆసుపత్రి నర్సుల జీతాలకూ, మందుల సరఫరాదారులకూ ఎక్కడి నుండి తెచ్చి ఇస్తుంది?

అయినప్పటికీ బాకీ పడినది ప్రభుత్వం, శిక్ష పడుతున్నది రోగికి. ప్రమాదంలో ఉన్న ప్రాణాన్ని కాపాడడం ప్రభుత్వ, ప్రైవేటు భేదం లేకుండా ప్రతి వైద్యుని బాధ్యత అని 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. సకాలంలో అత్యవసర వైద్యం అందించకపోవడం జీవించే హక్కుకు భంగమని 1996లో మరో తీర్పులో ప్రభుత్వానికీ గుర్తుచేసింది. కాబట్టి ఇరుపక్షాలూ రోగికి జవాబుదారులే.

మేము కోరుతున్నవి మూడు. మొదటిది, క్లెయిముల చెల్లింపునకు చట్టబద్ధమైన గడువు ఉండాలి. గడువు దాటితే ప్రభుత్వమే వడ్డీ భరించాలి. రెండవది, ఏ వివాదం తలెత్తినా అత్యవసర చికిత్స, డయాలసిస్, క్యాన్సర్ వైద్యం ఆగకూడదు. ఈ షరతును ఆసుపత్రుల ఒప్పందంలోనే రాయాలి. మూడవది, చర్చలలో రోగుల ప్రతినిధులకు స్థానం కల్పించాలి.

వీటితోపాటు మన ఎంజీఎం ఆసుపత్రిని బలోపేతం చేయాలి. పాత సెంట్రల్ జైలు స్థలంలో 2021లో శంకుస్థాపన జరిగిన సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రికి పూర్తిస్థాయి వైద్యులనూ, పరికరాలనూ సమకూర్చాలి. ప్రభుత్వ ఆసుపత్రి గట్టిగా ఉన్నచోట ప్రైవేటు తలుపు మూసుకున్నా పేదవాడు వీధిన పడడు.

సమాజంగా మన బాధ్యత కూడా ఉంది. ఆరోగ్యమిత్రను ఎలా కలవాలి, చికిత్స నిరాకరిస్తే ఎవరికి ఫిర్యాదు చేయాలి అన్న వివరాలను తెలుగు, ఉర్దూలలో రాసి మస్జిద్ కమిటీలు, యువజన సంఘాలు ప్రతి బస్తీలో అతికించాలి. తిప్పి పంపిన ప్రతి రోగి వివరాన్నీ రాతపూర్వకంగా కలెక్టర్‌కు అందజేయాలి. రాతలో లేని బాధ ప్రభుత్వ లెక్కల్లోకి ఎక్కదు. ఆసుపత్రుల బకాయిలకు సంఘం ఉంది, లెక్క ఉంది. రోగికి పడిన బాకీకి కూడా ఒక లెక్క, ఒక గొంతు ఉండాలి. ఆ పనిని మనమే మొదలుపెట్టాలి.