ఎవరి సొమ్ము, ఎవరి పద్దు?

బడ్జెట్‌కు ఆయవ్యయపట్టిక అని చక్కని పేరుంది. ఆయం మనది, వ్యయమూ మన పేరిటే. పట్టిక కూర్పులో మాత్రం మన మాట లేదు. ఇదెక్కడి న్యాయం, మిత్రులారా?

74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1న అమలులోకి వచ్చింది. మూడు లక్షలు, అంతకు మించి జనాభా గల పట్టణాలలో వార్డు కమిటీలు ఉండితీరాలని 243-ఎస్ అధికరణం శాసించింది. 2011 జనగణన నాటికే కర్నూలు, కడప రెండూ ఆ గీత దాటాయి. కమిటీల మాట దేవుడెరుగు, కర్నూలుకు 2010 నుండి 2021 మార్చి ఎన్నికల దాకా ఎన్నికైన పాలకమండలే లేదు! పద్దు వ్రాసిందీ, ఆమోదించిందీ అధికారులే.

“సామాన్యులకు పద్దులేం తెలుస్తాయి?” అనే పెద్దలున్నారు. అయ్యా, నాలుగు బిందెల నీళ్లను తాగేందుకెంత, వంటకెంత, ఒంటికెంత అని పంచగల మా సీమ ఆడవారికి మించిన ఆర్థికవేత్తలెవరు? బ్రెజిల్‌లోని పోర్తో అలెగ్రెలో 1989 నుండి పేటల ప్రజలే సభలలో కూర్చుని ఏ పని ముందో తేల్చారు. పుణె నగరం 2006లో పౌరుల ప్రతిపాదనలకు బడ్జెట్‌లో చోటిచ్చింది. వారికి చేతనైనది మనకెందుకు చేతకాదు?

నేను కోరేది ఒక్కటే. పద్దు మండలి ముందుకు వెళ్లకముందే తేటతెలుగులో ప్రతి వార్డులోనూ గోడకెక్కాలి. మనం చదవాలి, నిలదీయాలి. పన్ను కట్టేవాడు యాచకుడు కాడు, యజమాని.