వాడకట్టులోని వసతులు

ఇల్లు వెదకుచున్నాము, ఏ పేట అనుకూలముగా నుండునో తెలుపుడని మాకు తరచుగా జాబులు వచ్చుచుండును. అద్దె ఎంత, గదులెన్ని, తూర్పు వాకిలియా ఉత్తరపు వాకిలియా, కారు నిలుపుటకు చోటు కలదా అను ప్రశ్నలే వానిలో మెండు. విమానాశ్రయము ఎంత దూరమని అడిగినవారును కలరు. ఏడాదికొకమారు పోవు విమానాశ్రయమును గూర్చి ఇంత విచారము చేయువారు, దినము విడిచి దినము పోవలసిన కూరగాయల బజారును గూర్చి ఒక్క మాటయైనను అడుగకుండుట మాకు వింతగా తోచును. ఇల్లు కుదుర్చుటకు పోవువారు తరచుగా పురుషులు. ఆ యింటిలో దినమెల్ల గడుపువారు స్త్రీలు. చింతపండు నిండుకొన్నప్పుడును, పిల్లవానికి జ్వరము తగిలినప్పుడును, అత్తగారి మందులు అయిపోయినప్పుడును గుమ్మము దిగి నడవవలసినది ఎవరో వేరుగా చెప్పనక్కరలేదు గదా. కనుక వసతిగల పేట యనగా మా దృష్టిలో నడకకు అందు పేట. ఒంటరిగా, ఎవరిని బతిమాలుకొనక, గృహిణి తన పనులను తాను చక్కబెట్టుకొనగల పేట.

ఇట్టిదానికి ఉదాహరణముగా హైదరాబాదు నగరమునకు వాయవ్యముననున్న కూకట్‌పల్లి హౌసింగు బోర్డు కాలనీని తీసికొందము. కె.పి.హెచ్.బి. యని జనులు పిలుచునది ఇదియే. ప్రభుత్వ గృహనిర్మాణ మండలి దీనిని కట్టి నలువదియేండ్లు దాటినది. ప్రభుత్వము పూనుకొని జనులకు ఇండ్లు కట్టించుట ఈ నగరమునకు క్రొత్త కాదు. 1908వ సంవత్సరము సెప్టెంబరులో మూసీనది పొంగి వేలకొలది జనులను పొట్టన బెట్టుకొన్న పిమ్మట, 1912లో నగరాభివృద్ధి మండలి యొకటి ఏర్పడి, ఇరుకు వాడలను విప్పి, వీధులను వెడల్పుచేసి, గాలి వెలుతురు గల ఇండ్లను కట్టించెను. ఆ పనికి కొనసాగింపే తరువాతి హౌసింగు బోర్డు.

బోర్డువారు కట్టిన ఇండ్లకు ఆదాయమునుబట్టి తరగతులు పెట్టిరి. అల్పాదాయులకు ఎల్.ఐ.జి., మధ్యతరగతికి ఎం.ఐ.జి., కలిగినవారికి హెచ్.ఐ.జి. నేటికిని ఈ పేర్లే ఇంటి చిరునామాలలో నిలిచియున్నవి. కొనువాని ఆదాయమును అతని గుమ్మమునకు తగిలించు ఈ పద్ధతి మాకెన్నడును రుచింపలేదు. అయినను కాలమే దానిని ఎగతాళి చేసినది. నాడు అల్పాదాయులకని కట్టిన చిన్న యిండ్లపై నేడు అంతస్తుమీద అంతస్తు లేచినది. 1998లో మాదాపురమున సైబర్ టవర్సు తెరచిన పిమ్మట ఆ వైపు కొలువులకు పోవు యువతీయువకులు ఈ కాలనీని ఆశ్రయించిరి. వీధివీధిని స్త్రీల హాస్టళ్లు వెలసినవి. ఊరికి వెలుపలనున్న పేట ఊరి నడిబొడ్డువలె మారినది.

ఇక దినచర్యకు వత్తము. తెల్లవారకమునుపే పాల పాకెట్లు వీధి మొగను దిగును. కిరాణా కొట్టు, మందుల దుకాణము, పిండి ఆడించు గిర్ని, చెట్టు క్రింద ఇస్త్రీబండి, చీరకు ఫాలు కుట్టి పీకో చేయునామె, జాకెట్టు గుడ్డకు రంగు కుదుర్చు మ్యాచింగ్ సెంటరు, ఇవన్నియు ఐదు పది నిమిషముల నడకలో నుండుట ఇట్టి కాలనీలలోని సుఖము. క్రొత్తగా లేచిన ఎత్తైన భవనముల సముదాయములలో ఈతకొలను ఉండును, వ్యాయామశాల ఉండును. కాని మ్యాచింగ్ సెంటరు ఉండదు! ఈతకొలనులో దిగు గృహిణులు ఎందరో, జాకెట్టు గుడ్డ కొనని గృహిణులు ఎందరో లెక్కించి చూచిన ఏది వసతియో తెలియును.

ఇప్పుడు ఫోనులో మీట నొక్కిన నిమిషములలో సరకులు గుమ్మమునకు తెచ్చు సంస్థలు వచ్చినవి. వానిని మేము నిందింపము. పసిబిడ్డ తల్లికిని, కాలు కదల్పలేని ముదుసలికిని అవి మేలే చేయును. అయినను వీధి మొగనున్న కొట్టునకు పోవు స్త్రీ పప్పు మాత్రమే తెచ్చుకొనదు. నాలుగు మాటలు మాటలాడివచ్చును. పక్కవీధిలో ఎవరికి కాన్పు వచ్చినదో, ఏ బడిలో పిల్లలకు అమ్మవారు పోసినదో తెలిసికొనివచ్చును. దినమున ఒక్కమారైనను గడపదాటి నలుగురి ముఖములు చూచుట మందు వంటిదని, ఇంటిలోనే చిరకాలము గడపిన పెద్దవారు మాకు వ్రాసిన జాబులవలన మేమెరుగుదుము.

కూరగాయలకు రైతుబజారు కలదు. 1999లో నాటి ఆంధ్రప్రదేశ ప్రభుత్వము నెలకొల్పిన రైతుబజారులలో కూకట్‌పల్లికిని ఒకటి దక్కినది. దళారి లేకుండ రైతే తెచ్చి అమ్ముట దీని ఉద్దేశము. టోకు ధరకంటె కొంత హెచ్చుగను, బయటి అంగడి ధరకంటె కొంత తగ్గుగను ఏరోజుకారోజు ధరలు నిర్ణయించి పలకమీద వ్రాయుదురు. పలక చూడక బేరమాడుటయు, బేరమాడక ఇచ్చినదానిని సంచిలో వేసికొనుటయు రెండును పొరపాట్లే. ముందు పలక చదువవలెను. ఉదయము పెందలకడ పోయిన ఆకుకూరలు తడియారక దొరకును. మధ్యాహ్నము దాటిన పిమ్మట మిగులు సరకు తేలును గాని అది పచ్చడికే పనికివచ్చును.

ఇక కర్రీ పాయింటును గూర్చి చెప్పక విడుచుట న్యాయము కాదు. పప్పు, పులుసు, వేపుడు, సాంబారు సంచులలో కట్టి అమ్ము ఈ చిన్న అంగళ్లు ఇట్టి కాలనీలలో కోకొల్లలు. ఇంట అన్నము మాత్రము వండుకొని కూర బయట తెచ్చుకొను గృహిణిని వెక్కిరించు నోళ్లు ఇంకను కలవు. రాత్రి ఎనిమిది గంటలకు కొలువునుండి ఇల్లు చేరునామె రెండు కూరలు తరిగి పోపు పెట్టవలెనని విధించువారు, తామొకనాడు ఆ పని చేసి చూడవలెను. మా యాక్షేపణ వేరొకటి. కాగుచున్న సాంబారును పలుచని ప్లాస్టిక్ సంచిలో పోయుట ఆరోగ్యము కాదు. 120 మైక్రానుల మందము లేని ప్లాస్టిక్ సంచులు 2022 డిసెంబరు 31నుండి దేశమంతట నిషిద్ధములు. అయినను అవియే కంటబడుచుండును. ఇంటినుండి రెండు గిన్నెల స్టీలు క్యారియరు తీసికొనిపోయిన ఏ యంగడివాడును కాదనడు, పైగా ఒక గరిటె ఎక్కువ పడుటయు కలదు.

రాకపోకల విషయమున ఈ పేట అదృష్టవంతమైనది. 2017 నవంబరులో మియాపురమునుండి అమీరుపేట మీదుగా నాగోలు వరకు మెట్రో రైలు నడచినది. మరుసటి యేడు అదే మార్గము లాల్‌బహదూరునగరునకు సాగినది. కాలనీ పేరనే ఒక స్టేషను కలదు. 2023 డిసెంబరు 9నుండి తెలంగాణమున స్త్రీలకు ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ సిటీబస్సులలో టికెట్టు ధర లేదు. దీనివలన బస్సులు క్రిక్కిరిసినవని విసుగుకొనువారు పలువురు. క్రిక్కిరిసినమాట నిజమే. ఇంతకుమునుపు చార్జీకి వెరచి ఎందరు స్త్రీలు ఇంటనే కూర్చుండిరో ఆ క్రిక్కిరిసిన బస్సే చెప్పుచున్నది. బస్సులు హెచ్చింపుడని అడుగుట ధర్మము గాని, స్త్రీలు తగ్గవలెననుట ధర్మము కాదు.

అయితే బస్సు దిగిన పిమ్మట? ఇచ్చటనే అసలు చిక్కు. పూనానుండి మచిలీపట్టణమునకు పోవు 65వ జాతీయ రహదారి ఈ ప్రాంతమును రెండుగా చీల్చుకొని పోవుచున్నది. ఆవలి ఒడ్డుననున్న బ్యాంకునకో ఆసుపత్రికో పోవలసిన ముదుసలికి అది దారి కాదు, ఏరు. రహదారిపైనున్న మెట్రో స్టేషను లిఫ్టులో ఎక్కి, టికెట్టు లేకయే రెండవ వైపున దిగవచ్చునని అనేకులకు తెలియదు. మోకాళ్ల నొప్పులుగల పెద్దవారికి ఇది చెప్పి, ఒకమారు వెంటబెట్టుకొని పోయి చూపుట కోడండ్రు చేయదగిన ఉపకారము.

కాలనీ లోపలి వీధులలో నడచుట అంతకంటె సులభమని అనుకొనరాదు. కాలిబాట ఉన్నట్లు పటములో నుండును. నేలమీద వెదకవలెను. బండివాండ్రు దారినంతయు ఆక్రమించిరి, వారిని తొలగింపవలెనని కాలనీ సంఘములు తీర్మానములు చేయుచుండును. మేము ఈ తీర్మానములతో ఏకీభవింపము. బండివాడు ఆక్రమించినది నాలుగడుగుల చోటు. గుమ్మము ముందర కారు ఎక్కుటకు కట్టుకొన్న ఏటవాలు ర్యాంపు, దానిపై పూలకుండీల వరుస, దాని ప్రక్కను రాత్రింబగళ్లు నిలిచియుండు కారు, ఇవి ఎవరివి? అరటిపండ్ల బండి సాయంకాలము వెడలిపోవును, ర్యాంపు పోదు. వీధి విక్రేతల రక్షణకై 2014లో చట్టము వచ్చినది. బండ్లకు చోటు నిర్ణయించుటకు పట్టణ కమిటీ ఉండవలెననియు, అందు విక్రేతల ప్రతినిధులలో మూడవవంతు స్త్రీలు ఉండవలెననియు అది విధించినది. సంఘమువారు ఈ చట్టము చదివి, బండ్లకు ఒక వైపును నడకకు ఒక వైపును కేటాయింపుడని కోరినచో ఆకుకూరలమ్మునామె బ్రతుకును నిలుచును, కొనునామె కాలును విరుగకుండును.

నీటి మాట. ఉస్మాన్‌సాగరము 1920లోను, హిమాయత్‌సాగరము 1927లోను కట్టిననాడు నగరమునకు అవి చాలియుండెను. నేడు మంజీరయు, కృష్ణయు, గోదావరియు తెచ్చినను వేసవిలో ట్యాంకరు గంట వినక తప్పదు. 2021లో ఇంటికి నెలకు 20,000 లీటర్ల నీరు ఉచితముగా నిచ్చు పథకము వచ్చినది, దానికి మీటరు ఉండవలెను. ఈ లెక్క గృహిణి వేసి చూడదగినది. దినమునకు సుమారు 666 లీటర్లు, ఐదుగురున్న ఇంటిలో మనిషికి 133 లీటర్లు. పొదుపుగా వాడిన చాలును. కాని ఒక కుటుంబమునకని వేసిన గొట్టముతో ఐదంతస్తుల హాస్టలు నడచుచున్నచో ఆ వీధికి నీరెట్లు చాలును, మురుగు కాలువ ఎట్లు పట్టును? ఆ హాస్టలులోని బాలికలపై కోపగించుట పాడిగాదు. అద్దె తీసికొనువారు ఇంకుడుగుంట త్రవ్వించి, తగిన కనెక్షను తీసికొనవలెను. చెత్త విషయము క్లుప్తముగా చెప్పెదము. తడి చెత్త పచ్చబుట్టలో, పొడి చెత్త నీలిబుట్టలో వేయుడు. 2015లో చెత్త ఆటోలు వచ్చినప్పటినుండి ఇది చెప్పుచునే యున్నారు. ఇక మేము చెప్పనక్కరలేదు.

మన సుఖములన్నియు వేరొక స్త్రీ కాళ్లపై నడచుచున్నవని ఇచ్చట తలపవలసియున్నది. అంట్లు తోమి, ఇల్లూడ్చి పోవునామె ఒకప్పుడు ఈ కాలనీ ప్రక్కనే నివసించెడిది. అద్దెలు పెరిగి ఆమె దూరమునకు జరిగినది. ఉదయము ఆరు గంటలకు బస్సెక్కి వచ్చి నాలుగైదిండ్లలో పనిచేసి మధ్యాహ్నము దాటినపిమ్మట మరలును. ఇంతసేపు ఆమె మంచినీరు ఎచ్చట త్రాగును? మరుగుదొడ్డికి ఎచ్చటికి పోవును? ఈ ప్రశ్న వేసిన పలువురు గృహిణులు తలవంచుకొందురు. క్రింది అంతస్తున కాపలావానికని కట్టిన గదికి ఒక తలుపు, గడియ, నీటికొళాయి ఉన్నచో ఆమెకును చాలును. అపార్టుమెంటు సంఘము ఒక్క సమావేశములో తీర్మానింపదగిన పని ఇది.

ఇవన్నియు ఎవరిని అడుగవలెనని కొందరు సోదరీమణులు ప్రశ్నింతురు. 2020లో జరిగిన హైదరాబాదు నగరపాలక ఎన్నికలలో 150 వార్డులకును సగము స్త్రీలకే కేటాయింపబడెను. స్త్రీ గెలిచిన వార్డులో ఆమె భర్త పనులు చూచుటయు మన కెరుకే. అర్జీని ఆమె పేరనే వ్రాసి, ఆమె చేతికే ఇచ్చి, ఆమెతోనే మాటలాడవలెను. పదిమంది గృహిణులు అట్లు చేసిన ఆ భర్తగారు ప్రక్కకు తొలగుదురు.

ఇల్లు వెదకుచున్నవారికి మా సలహా ఇది. ఆదివారము ఉదయము, వీధులు నిద్రించుచుండగా, ఇల్లు చూచి బయానా ఈయకుడు. పనిదినమున సాయంకాలము ఏడు గంటలకు పొండు. వీధి దీపములు వెలుగుచున్నవా, బస్సు దిగిన చోటినుండి గుమ్మము వరకు స్త్రీ యొక్కతె జంకక నడచునా చూడుడు. మందుల దుకాణము ఎంతవరకు తెరచియుండునో దుకాణదారునే అడుగుడు. మరల వర్షము కురిసిన మరునాడు పొండు. మోకాలివరకు నీరు నిలిచిన గుర్తు గోడలమీద కనబడును, దానికి సున్నము వేయించి దాచినను అడుగున చెమ్మ దాగదు. ఇంటిలో పెద్దవారున్నచో రెండవమారు వారినే వెంటగొనిపోయి, కూరగాయల బజారునుండి ఇంటివరకు మెల్లగా నడిపింపుడు. త్రోవలో ఎన్నిమారులు వారు ఆగిరో, ఆగినప్పుడు కూర్చుండుటకు అరుగో బల్లయో ఉన్నదో లేదో చూచుకొని, ఆ తరువాత అద్దె మాట ఎత్తుడు.