జాలప్రమాణములు - ఏకపక్ష శాసనములు

పదిమంది సమ్మతించినపుడే ప్రమాణము ప్రమాణమగును. ఒకరు విధింపగా తక్కినవారు తలయొగ్గునది శాసనమే. బ్రౌజరు నిర్మాతల నడుమ జరుగుచున్న వివాదములను ఈ దృష్టితోనే పరికింపవలెనని మా యభిప్రాయము.

2023లో గూగుల్ ఇంజనీర్లు ‘వెబ్ ఎన్విరాన్‌మెంట్ ఇంటిగ్రిటీ’ యను ప్రతిపాదనమును ముందుంచిరి. పాఠకుని యంత్రమును, అందలి బ్రౌజరును మూడవ పక్షమొకటి పరీక్షించి నమ్మదగినవని ముద్ర వేయును. ఆ ముద్రను జూచి వెబ్‌సైటు పాఠకుని ఆదరించుటయో, నిరాకరించుటయో నిర్ణయించుకొనును. బాట్లను, ప్రకటనలలోని మోసములను అరికట్టుటయే తమ యుద్దేశమని వారు చెప్పిరి. ముద్ర లేనివారు వెలివేయబడకుండుటకై అప్పుడప్పుడు ఎవరికిని ముద్ర నీయకుండు పద్ధతిని గూడ సూచించిరి. వారి సదుద్దేశమును మేము శంకింపము. కాని యిట్టి యధికారము చేతికి వచ్చిన పిమ్మట అది మోసగాండ్రపైననే ప్రయోగింపబడునని పూచీ పడువారెవరు? క్రొత్త బ్రౌజరును నిర్మింపబూనిన చిన్న సంస్థ గతి యేమి? తన యంత్రమున తనకు నచ్చిన వ్యవస్థను నడుపుకొనువాని గతి యేమి?

మొజిల్లా ఈ ప్రతిపాదనమును బహిరంగముగ వ్యతిరేకించినది. గూగుల్ వారి క్రోమియము పునాదిమీదనే బ్రౌజరులను నిర్మించుకొన్న బ్రేవ్, వివాల్డీ సంస్థలును వ్యతిరేకించినవి. ఆ సంవత్సరము నవంబరులో గూగుల్ దానిని విరమించుకొని, ఆండ్రాయిడ్ అనువర్తనములలో పొదిగిన వెబ్‌పుటలకు మాత్రము పరిమితమగు సాధనమును తలపెట్టెను. నిరసన ఫలించినది, సంతోషమే. అయినను ఇట్టి ధ్రువీకరణమునే ఆపిల్ సంస్థ 2022లోనే ‘ప్రైవేట్ యాక్సెస్ టోకెన్ల’ పేర ప్రవేశపెట్టగా ఇంతటి సంచలనము కలుగలేదు. పెత్తనము ఎవరిదైనను పెత్తనమే గదా!

అసలు వ్యాధి వేరొకటి గలదు. స్వతంత్ర ఇంజనులు నానాట తరిగిపోవుచున్నవి. 2013లో ఒపేరా తన ప్రెస్టోను విడనాడెను. 2018లో మైక్రోసాఫ్ట్ సైతము క్రోమియమును స్వీకరింతునని ప్రకటించెను. గూగుల్ వారి బ్లింక్, ఆపిల్ వారి వెబ్‌కిట్, మొజిల్లావారి గెకో - ప్రధానముగ మిగిలినవి యీ మూడే. ఆపిల్, మొజిల్లా, ఒపేరా సంస్థలవారు 2004లో నెలకొల్పిన వాట్‌విగ్ సంఘమున క్రొత్త మార్పునకు కనీసము ఇద్దరు నిర్మాతల మద్దతు ఉండవలెనను నియమము గలదు. నిర్మాతలే అంతరించినచో ఆ నియమము కాపాడునదేమి? ఎదిరించి నిలిచిన మొజిల్లాకు సైతము అధికాదాయము, గూగుల్‌ను ముఖ్య శోధనసాధనముగ నుంచినందులకు గూగుల్ చెల్లించు ధనమే. అన్నము పెట్టువానిని ఎదిరించు ధైర్యము ప్రశంసనీయమే. కాని లోకమంతయు ఆ ధైర్యముపైననే ఆధారపడియుండుట క్షేమకరము కాదు.

కావున ప్రభుత్వములు తమ వెబ్‌సైట్లను ఏదో యొక బ్రౌజరునకు గాక ప్రమాణములకు అనుగుణముగ నిర్మింపవలెను. స్వతంత్ర ఇంజనులకు ప్రజాధనముతో చేయూత నీయవలెను. కాదనగల రెండవవాడు లేనిచోట సమ్మతికి అర్థము లేదు.