దొడ్డుప్పు మోజులో పడేముందు

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి - ఎక్కడికెళ్లినా ఈమధ్య నాకు ఒకటే మాట వినిపిస్తోంది: "ప్యాకెట్ ఉప్పు వద్దమ్మా, దొడ్డుప్పే మంచిదట!" మరి అయోడిన్ లేని ఉప్పును తిండికి అమ్మకూడదన్న నిషేధాన్ని 2000లో ఎత్తేసిన కేంద్రమే 2006 మే 17 నుంచి మళ్లీ ఎందుకు పెట్టినట్టు?

సముద్రపు ఉప్పే కదా అనుకుంటాం. కానీ విడిగా కలపకపోతే అందులో అయోడిన్ ఉండేది నామమాత్రమే. అది చాలకపోతే థైరాయిడ్ గ్రంథి హార్మోను తయారుచేయలేదు. గొంతువాపు ఒక్కటేనా? కడుపులో బిడ్డ మెదడు ఎదుగుదలే దెబ్బతింటుంది. పెద్దలకు రోజుకు 150 మైక్రోగ్రాములు చాలు, గర్భిణికి 250 కావాలి.

అలాగని ఉప్పు ఎక్కువ తినమని కాదు. థైరాయిడ్ జబ్బులన్నిటికీ ఇదే మందనీ కాదు. దొడ్డుప్పే కొనండి, కానీ ప్యాకెట్ మీద నవ్వే సూర్యుడి గుర్తు చూసి కొనండి. మూతపెట్టి దాచండి. బిడ్డ తెలివికన్నా మోజు ఎక్కువా?