సరకుల రవాణా: పట్టాలా, బాటలా?

పంటకు విపణిలో పలికిన వెలనుండి రవాణావ్యయము పోగా మిగిలినదే రైతుధర. కావున సరకులు ఏ మార్గమున సాగుచున్నవను ప్రశ్న రైల్వే అధికారులకు మాత్రమే చెందినది కాదు. గాదెగల ప్రతి గృహస్థునకును, కొట్టుగల ప్రతి వర్తకునకును సంబంధించినది.

1950-51లో మన దేశపు సరకు రవాణాలో నూటికి 80 పాళ్లకు పైగా రైలుబండ్లే మోయుచుండెను. 2021లో నీతి ఆయోగ్ వెలువరించిన నివేదికనుబట్టి చూడగా లారీల పాలు నూటికి 70 దాటినది. రైళ్ల పాలు 20కి లోబడినది. డెబ్బది యేండ్లలో తక్కెడ తలక్రిందులైనది.

రైలు క్షీణించినదని దీని భావము కాదు. 1950-51లో సుమారు 7 కోట్ల 30 లక్షల టన్నులు మోసిన రైళ్లు 2023-24లో 158 కోట్ల టన్నులకు మించి మోసినవి. అనగా బరువు ఇరువది రెట్లు దాటినది. కాని రైలుమార్గపు నిడివియో? నాడు 53,600 కిలోమీటర్లు. 2022 నాటికి 68,000కు కొంచెము పైన. కడవకు చాలిన త్రాటితో కాగును చేదబోయిన చందమిది.

ప్రయాణికుల బండ్లును, గూడ్సుబండ్లును ఒకే పట్టాలపై నడువవలసి వచ్చుటచే గూడ్సుబండి పక్కదారిలో గంటలకొలది నిలుచుచున్నది. ప్రయాణికుల చార్జీలలోని నష్టమును పూడ్చుటకు సరకుల కిరాయి పెంచుచు వచ్చిరి. బొగ్గు, ఇనుపరాయి, సిమెంటు వంటి భారీ సరకులపైననే దృష్టి నిలిపిన రైల్వేశాఖకు చిల్లర సరకు వర్తకుడు దూరమయ్యెను. లారీయో కళ్లమువద్దకే వచ్చి, కొట్టుముంగిటనే దించును. స్వర్ణచతుర్భుజి రహదారులు దాని వేగమును హెచ్చించినవి. 2017లో వస్తుసేవల పన్ను అమలునకు వచ్చి పన్నుల తనిఖీ ఠాణాలు తొలగుటతో మరికొంత జాప్యము తగ్గినది.

ఆంధ్రులకు మూడవదారియు నుండెను. ధవళేశ్వరపు ఆనకట్ట 1852లోను, బెజవాడ ఆనకట్ట 1855లోను పూర్తికాగా, వాని కాలువలు పొలములకు నీరిచ్చుటయే గాక పడవలనుగూడ నడపినవి. కాకినాడనుండి బకింగ్‌హామ్ కాలువ మీదుగా చెన్నపురివరకు జలమార్గ మేర్పడెను. పడవ రైలుకంటె చౌకయని కాటన్ దొర ఎంత వాదించినను, నాటి ప్రభువులు రైలు కంపెనీల లాభమునకు మన పన్నుల సొమ్ముతో పూచీపడిరి. తరువాత లారీలు వచ్చెను; కాలువలు పూడెను. 2008లో ఈ మార్గమును 4వ జాతీయ జలమార్గముగా ప్రకటించిరి గాని పూర్వపు సందడి తిరిగి రాలేదు.

లారీని నిందించుట మా యభిమతము కాదు. భీమవరపు రొయ్యలకును, నూజివీటి మామిడికిని అది ప్రాణాధారము. లక్షల కుటుంబములకు జీవనాధారము. కాని బొగ్గును, ధాన్యమును వేయిమైళ్లు డీజిలుతో మోయించుట వివేకము కాదు. మనము వాడు ముడిచమురులో నూటికి 80 పాళ్లకు పైగా విదేశములదే. రాజకీయ స్వాతంత్ర్యము సాధించిన జాతి తన ధాన్యపు బస్తా కదలుటకు పరదేశపు నూనెబావిపై నాధారపడుట స్వరాజ్య లక్షణ మగునా?

దారి లేకపోలేదు. గూడ్సుబండ్లకై ప్రత్యేకించిన తూర్పుమార్గము, 1,337 కిలోమీటర్లు, 2023లో పూర్తియైనది. ఖరగపూరునుండి విజయవాడకు అట్టి మార్గమునే వేయుదుమని 2021లో కేంద్రము ప్రకటించినది. 2020లో అనంతపురపు పండ్లు కిసాన్ రైలులో ఢిల్లీకి చేరినవి. రైతుసరకు రైలెక్కదను వాదము దానితోనే వీగిపోయినది.

దూరమునకు రైలు, చేరువకు లారీ, తొందరలేని బరువులకు పడవ: ఇదియే న్యాయమైన పంపకము. తూర్పుతీరపు మార్గమును ప్రకటనలో నిలువనీయక పట్టాలపై కెక్కించు బాధ్యత మన ప్రతినిధులది; వారిని అడుగు బాధ్యత మనది.