తూకం చూపితే చాలదు, తేడా ఎంతో చెప్పాలి

పిల్లలు సొంతంగా చేసే ఎలక్ట్రానిక్స్ ప్రాజెక్టుల్లో బరువు సెన్సర్‌కు ఇప్పుడు మంచి ఆదరణ ఉంది. సిలిండర్‌లో గ్యాస్ ఎంత మిగిలిందో చెప్పే పీట, డబ్బాలో బియ్యం తగ్గితే గుర్తుచేసే పరికరం వంటివి సైన్స్ ప్రదర్శనల్లో కనిపిస్తున్నాయి. తెర మీద గ్రాములు వెలగగానే చప్పట్లు కొట్టి ముందుకు సాగిపోతున్నాం. అక్కడ ఆగిపోతే చదువు సగంలోనే ఆగినట్టు. పిల్లలు చేసిన ప్రతి కాటా పక్కన అది ఎంత తేడా చూపుతుందో చెప్పే పట్టిక ఉండాలి. మార్కులు ఆ పట్టికకూ వేయాలి.

కారణం ఆ సెన్సర్ పనితీరులోనే ఉంది. లోడ్ సెల్ అంటే స్ట్రెయిన్ గేజ్‌లు అతికించిన అల్యూమినియం కడ్డీ. బరువు పెడితే అది కంటికి కనిపించనంతగా వంగుతుంది, గేజ్‌ల నిరోధం మారుతుంది. 5 కిలోల సాధారణ లోడ్ సెల్‌కు 5 వోల్టులిస్తే, పూర్తి బరువు మీద వచ్చేది 5 మిల్లీవోల్టుల దరిదాపుల్లోనే. అంటే గ్రాముకు వోల్టులో పది లక్షల్లో ఒక వంతు. హెచ్ఎక్స్711 చిప్ దాన్ని 128 రెట్లు పెంచి ఆర్డుయినో బోర్డుకు అంకెగా అందిస్తుంది. ఇంత చిన్న సంకేతం వేడికి, వదులైన మరకు, కదిలిన తీగకు కూడా మారిపోతుంది.

ఉదాహరణకు, ఒమన్‌లోని ఇబ్రిలో వేసవి ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. ఏసీ గదిలో సున్నా సరిచేసిన కాటాను వరండాలో పెడితే, ఖాళీగా ఉన్నా అంకె జరగవచ్చు. హైదరాబాద్‌లో సరిచేసిన కాటాను ఇబ్రికి తీసుకెళ్తే మరో తేడా వస్తుంది. ఇబ్రి భూమధ్యరేఖకు ఎక్కువ దూరంలో, తక్కువ ఎత్తులో ఉంది కాబట్టి అక్కడ గురుత్వాకర్షణ కాస్త ఎక్కువ. లెక్క కడితే కిలోకు దాదాపు 0.4 గ్రాములు ఎక్కువ చూపాలి. మామూలు కిట్ ఆ తేడాను పట్టుకోలేకపోవచ్చు. ఎందుకు పట్టుకోలేదో వెతకడమే మంచి పాఠం. ఇబ్రిలోని ఇండియన్ స్కూల్ పిల్లలకైనా, మన బడుల్లోని అటల్ టింకరింగ్ ల్యాబుల పిల్లలకైనా తేడాల పట్టిక తయారుచేయడానికి ఖర్చేమీ లేదు. భౌతికశాస్త్ర ప్రయోగశాలలోని తూనిక రాళ్లు ఒక్కొక్కటే పెంచుతూ, తర్వాత తగ్గిస్తూ, ఉదయం ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి అంకెలు రాసుకుంటే చాలు.

సరదాగా చేసే పనికి ఇంత కచ్చితత్వం ఎందుకని అడగవచ్చు. నిజమే, గ్యాస్ సిలిండర్ విషయంలో 100 గ్రాముల తేడాతో నష్టం లేదు. అయితే నష్టం లేదని చెప్పాలన్నా ముందు ఆ తేడా ఎంతో తెలియాలి. ఇలా పట్టికలు రాయిస్తే ఉత్సాహం చచ్చిపోతుందనేది మరో వాదన. కిట్ పుస్తకంలో ఉన్నట్టు తీగలు కలపడంతోనే పని అయిపోతే ఆ ఉత్సాహం ఒక్క రోజుదే. ఎదురుచూడని అంకె ఎందుకొచ్చిందో కనిపెట్టిన పిల్లవాడికి మాత్రం మర్నాడు కూడా పని ఉంటుంది. ఇక వ్యాపారానికి వాడే తూకపు యంత్రాలను తనిఖీ చేసి ముద్ర వేయించాలని మన దేశంలో 2009 నాటి తూనికలు, కొలతల చట్టం చెబుతోంది. ఆ ముద్ర ఎందుకో తెలిసిన పిల్లలు రేపు ధాన్యం కొనుగోలు కేంద్రంలో రైతుల పక్షాన నిలబడి, తూకం సరిగ్గా ఉందో లేదో అడగగలుగుతారు. అందుకే ప్రదర్శనకు వచ్చే న్యాయనిర్ణేతలు మొదట అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఈ కాటా ఎంత తేడా చూపుతుంది, ఆ సంగతి నీకెలా తెలుసు?